పెంచే చేతులకు పుట్టిన తేదీ అడుగుతారా?

పోస్టు కాస్త పొడుగే, కానీ చివరిదాకా చదవండి.

ఫోస్టర్ కేర్ అనే మాట మనలో చాలామంది విని ఉండరు. అమ్మానాన్న లేని పిల్లల్ని, ఉన్నా వాళ్ల దగ్గర ఉండే వీలు లేని పిల్లల్ని, దత్తత ఇవ్వకుండా కొంతకాలం ఒక కుటుంబానికి అప్పగించి పెంచమనడమే అది. 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్‌లో ఉంది. ఏ ఇంటికి ఇవ్వాలో బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ ఇస్తుంది. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

మంచిదే. అయితే పెంచడానికి ఎవరు అర్హులు అనే దగ్గరే మా గొడవంతా.

2024లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం భార్యాభర్తలైతే రెండేళ్లన్నా స్థిరంగా కాపురం చేసి ఉండాలి. ఇద్దరి వయసు కలిపితే 70కి తగ్గకూడదు. ఒంటరి వాళ్లయితే 35 నిండాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లల్ని తీసుకోవాలంటే 55, 12 దాటిన వాళ్లనైతే 60 మించకూడదు. ఒంటరి మగవాళ్లకు ఆడపిల్లను ఇవ్వరు. ఇవి కాక ఆదాయం, ఇల్లు, ఆరోగ్యం, పోలీసు కేసులు చూస్తారు.

తనిఖీ వద్దని మేము అనడం లేదు. చదివిస్తామని చెప్పి పిల్లల్ని పట్నంలో ఇంటిపనికి దించే బ్రోకర్లు మన ఊళ్లకూ వస్తారు. మనోళ్లంతా దేవుళ్లని కూడా అనం. కేసులు చూడాలి, ఇంటికొచ్చి చూడాలి, పిల్లను పక్కకు పిలిచి అడగాలి. ఇది మేమూ కోరేదే.

కానీ మన గూడెంలో పిల్ల అనాథ అయితే ఎవరు పట్టుకుంటారు? వరసకు పెద్దమ్మ అయ్యే మనిషి. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం, అంతే. ఆమె కాగితం మీద పరాయిది. వయసు రుజువు అడుగుతారు. మన ముసలోళ్లలో చాలామందికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. ఎవరో రాసిన అంకెతో ఆమెకు 61 వస్తే, పన్నెండేళ్ల పిల్ల ఆమె ఇంట్లో ఉండకూడదట, హోంలో ఉండొచ్చట!

ఇంకో తిరకాసు. సొంత బంధువుల దగ్గర పెరిగే పిల్లకు స్పాన్సర్‌షిప్ అని వేరే పద్దు. దానికి పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. పరాయి ఇల్లు అయితే ఫోస్టర్ పద్దు, అక్కడ పోషించే స్తోమత చూపాలి. అంటే ఒక బల్ల ముందు పేదోళ్లమని, ఇంకో బల్ల ముందు ఉన్నోళ్లమని నిరూపించుకోవాలి. పోడు మీద, అడవి మీద బతికే మనిషి ఏ జీతం కాగితం తెస్తుంది?

కొలిచే పద్ధతి మార్చడం కష్టమేమీ కాదు. అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు గ్రామసభే ముందు విచారిస్తుంది, పెద్దల మాటను రాసుకుని సాక్ష్యంగా తీసుకుంటారు. భూమికి చెల్లిన పెద్దల మాట పిల్లకు ఎందుకు చెల్లదు?

బయట దేశంలో చేసి చూపించారు కూడా. అమెరికాలో ఆదివాసీ పిల్లల్లో నాలుగో వంతుకు పైగా సొంత కుటుంబాలకు దూరమయ్యారని తేలాక 1978లో వాళ్లకోసం ప్రత్యేక చట్టం తెచ్చారు. పిల్లను ముందు బంధువులకు, తర్వాత తెగ ఒప్పుకున్న ఇంటికి ఇవ్వాలి. ఇల్లు తగినదా కాదా అన్నది ఆ సమాజం పద్ధతుల ప్రకారమే చూడాలి. 2023లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని నిలబెట్టింది. మన దేశం 1992లో ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం కూడా పిల్ల తెగ, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడమనే చెబుతుంది.

కాబట్టి మేము అడిగేది ఇదీ. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఫోస్టర్ ఇంటిని ముందు గ్రామసభ విచారించాలి. పెద్దల వాంగ్మూలాన్ని వయసుకీ వరసకీ రుజువుగా తీసుకోవాలి. వయసు హద్దు దాటిన కారణంగానే పిల్లను ఊరు దాటించకూడదు. కమిటీ నెలకోసారైనా మండలానికి రావాలి. జిల్లా కేంద్రానికి పోయి రావడమంటే మనోళ్లకు రెండు రోజుల కూలి.

మనం చేయాల్సింది కూడా ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో బాలల రక్షణ కమిటీ ఉందా, ఎప్పుడన్నా కూర్చుందా అడగండి. అనాథ పిల్లల్ని పెంచుతున్న ఇళ్లుంటే స్పాన్సర్‌షిప్ దరఖాస్తు మీరే రాసిపెట్టండి. పిల్లకు అపాయం ఉంటే 1098కి ఫోన్ చేయండి. వచ్చే గ్రామసభలో పై నాలుగు మాటలూ తీర్మానం పెట్టించండి.

మేము హాస్టళ్లలో పెరిగినోళ్లం. మంచం, కంచం ఎక్కడైనా దొరుకుతాయి. మన భాషలో మనల్ని తిట్టి అన్నం పెట్టే మనిషి ఊళ్లోనే ఉంటుంది. ఆమెను అనర్హురాలని రాసే ముందు, రాసేవాళ్లు ఒక్కసారి ఆ ఊరికి రావాలి.