ప్రశ్నావళి అడగని 'ఎందుకు'

పిల్లల జీవన నాణ్యతను కొలవడానికి పరిశోధకులు వాడే ప్రశ్నావళి ఒకటుంది, పెడ్స్‌క్యూఎల్. 23 ప్రశ్నలు. ఆటిజం పిల్లల మీదా దాన్నే వాడుతుంటారు. పిల్లలు చెప్పలేకపోతే అమ్మో నాన్నో జవాబిస్తారు. తోటిపిల్లలు ఎక్కిరిస్తున్నారా, స్నేహం చెయ్యనంటున్నారా అని అడుగుతుంది. ఎందుకు చెయ్యనంటున్నారో అడగదు.

మన వాడలో ఆ 'ఎందుకు'కి రెండు జవాబులుంటాయి మిత్రులారా.

ఆటిజం ఉన్న పిల్లలు కొందరు చెప్పాపెట్టకుండా ఇల్లు దాటి వెళ్లిపోతుంటారు. డాక్టర్లకు తెలిసిన సంగతే. ఊరికీ వాడకీ మధ్య గీత వాళ్లకు కనపడదు. తెరిచున్న గుమ్మంలోకి నేరుగా నడుస్తారు, బిందెలో చెయ్యి పెడతారు. పిల్లాడు తప్పిపోతాడనే కాదు, ఎవరింట్లోకి పోతాడోనని కూడా మన తల్లులకు భయం. పిల్లాణ్ని మంచంకోడుకి కట్టేసి కూలికెళ్లే తల్లికి 'అవగాహన లేదు' అని రాసే పెద్దలు ఈ భయం గురించి ఒక్క ముక్క రాయరు.

1995 చట్టంలో లేని ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో చేరింది. మంచిదే. కానీ సర్టిఫికెట్‌లో 40 శాతం పడాలి. దానికోసం ఆస్పత్రికి తిరిగిన ప్రతిరోజూ ఒక కూలి పోయినట్టే.

వికలాంగుల సభల్లో కులం ఎత్తితే 'ఇక్కడెందుకు' అంటారు. మన సభల్లో ఆటిజం ఎత్తితే 'తర్వాత చూద్దాం' అంటాం. నాకు రెండోదే ఎక్కువ నొప్పి.

ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం దినం, 14 బాబాసాహెబ్ జయంతి. జయంతి చందాలకు గడప గడపా ఎక్కుతాం కదా, బయటికి రాని పిల్లలున్నారా అని కూడా అడుగుదాం. ఆ రోజు ఒక గంట డీజే ఆపి, ఆ మోత భరించలేని పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడదాం.