బడికి టీవీ ఇచ్చారు సరే, రిపేరు డబ్బులేవి?

ఈ రోజు పంటల గురించి కాదు, మన పిల్లల బడి గురించి నాలుగు మాటలు.

నాడు-నేడు రెండో విడతలో మన ఆంధ్రాలో సర్కారు బళ్లకి పెద్ద టచ్ టీవీలు, అదే ఐఎఫ్‌పీ ప్యానెళ్లు, వచ్చాయి. 2022 డిసెంబర్లో, మళ్లీ 2023 డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు. మంచిదే. ఏ పార్టీ ఇచ్చిందన్న గొడవ నాకొద్దు. అవి పాడైతే ఎవరు బాగు చేయిస్తారు, ఏ డబ్బుతో?

మోటారు కొన్నంత మాత్రాన చేను తడవదని మనకి తెలుసు. వైండింగ్ కాలిపోద్ది, స్టార్టర్ పోద్ది. ఏటా ఎంతో కొంత పక్కన పెట్టుకోవాల్సిందే. బడిలో మెషీనూ అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. సమగ్ర శిక్ష కింద బడికి ఏడాదికోసారి కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. పిల్లలు 30 మంది దాకా ఉంటే 10 వేలు, 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు. అందులో కనీసం పదోవంతు శుభ్రతకే పోవాలి. మిగిలిన దాంట్లోనే కరెంటు బిల్లు, నెట్టు, నీళ్లు, ఆట సామాను, రిపేర్లు. 200 మంది ఉన్న బడికి 50 వేలంటే రోజుకి 137 రూపాయలు. హెడ్మాస్టరు గారు కరెంటు బిల్లు కడతారా, టీవీ బాగు చేయిస్తారా? తప్పు మాస్టర్లది కాదు.

ఊళ్లో చందాలేద్దాం అంటారు కొందరు. కొత్త టీవీ కొనిచ్చి పేరు రాయించుకునే దాతలు దొరుకుతారు. ఏటేటా రిపేరు బిల్లు కట్టేవాళ్లు దొరకరు. అది సర్కారు బడ్జెట్లోనే ఉండాలి.

మన చేతిలో ఒకటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే. గ్రాంటు ఎట్లా ఖర్చయిందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పనే. ఆ ప్రణాళికే గ్రాంట్లకి ఆధారమని కూడా చట్టంలో ఉంది. కాబట్టి ఈసారి మీటింగుకి వెళ్లి సంతకం పెట్టి వచ్చేయకండి. గ్రాంటు ఎంత వచ్చింది, ఎప్పుడొచ్చింది, ఏవేవి పనిచేయట్లేదు, వారంటీ ఎప్పటిదాకా ఉంది అని అడగండి. రిపేర్లకి విడిగా డబ్బు కావాలని ప్రణాళికలో రాయించండి.

డబ్బున్నోళ్ల పిల్లలు వ్యాన్లెక్కి ప్రైవేటు బడికి పోతారు. ఆగిపోయిన టీవీ ముందు కూర్చునేది కౌలు రైతు పిల్లలు, కూలోళ్ల పిల్లలే.