ముందు ఫ్యాన్ ఆపండి!

‘‘ఒరేయ్, పేపర్లో పనిచేస్తావుగా... నీకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. నా హారతి పాట కాస్త రికార్డు చేసిపెట్టరా’’ అంది మా మేనత్త.

పత్రికలో పనిచేసేవాడికి అన్నీ తెలుసన్నది మా బంధువులందరి గట్టి నమ్మకం. పెళ్లి ముహూర్తం నుంచి పంటినొప్పి దాకా నన్నే అడుగుతారు. ఈసారి మాత్రం నవ్వి ఊరుకునే విషయం కాదు. అత్తయ్యకి 78 ఏళ్లు. మనవరాలి పెళ్లేమో మాఘమాసంలో, డాలస్‌లో. మోకాళ్లు మేడమెట్లే ఎక్కనివ్వవు, ఇక విమానం మాటెక్కడిది! మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా మంగళహారతి పాడేది ఆవిడే. ‘‘మనిషిని ఎలాగూ వెళ్లలేను. గొంతైనా వెళ్లాలి కదరా’’ అంది. ఆ గొంతు కూడా ఏటికేడాది సన్నబడుతోంది. రెండో చరణానికే ఆయాసం.

సరే, ఇంకా ఆలస్యం చేస్తే లాభం లేదనుకున్నాను.

నూతిలోంచి పాట

అత్తయ్య ఇల్లు దోమలగూడలో. రామకృష్ణ మఠానికీ, ఇందిరాపార్కుకీ దగ్గర్లోనే. హాల్లో బల్లమీద ఫోన్ పెట్టి, ఎర్ర బటన్ నొక్కి ‘‘ఊఁ, కానీ’’ అన్నాను. తర్వాత వింటే ఏముంది? ముందు ఫ్యాను గిరగిర. దాని వెనక పక్కింటి కుక్కర్ మూడు విజిళ్లు. ఆ వెనక ఉల్లిగడ్డల బండి మైకు. వీటన్నిటి అవతల, ఎక్కడో నూతిలోంచి అత్తయ్య.

మన చెవికి ఓ సుగుణం ఉంది. కావాల్సింది వింటుంది, అక్కర్లేనిది వదిలేస్తుంది. మైకుకి ఆ తెలివి లేదు. దానికి పాటా, కుక్కరూ ఒకటే!

నిజానికి పాటని పట్టుకోవడం ఎప్పుడూ తేలిక కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు అసలు మైకే లేదు. పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడితే, ఆ అదురు మైనపు పలకమీద గీతగా పడేది. ఉన్నది మూడు నిమిషాలే. ఆ పలకలు జర్మనీలోని హానోవర్ వెళ్లి రికార్డులై తిరిగొచ్చేవి. పాడిందెవరో అక్కడివాళ్లకు తెలియాలి కదా, అందుకే పాట చివర ఆవిడ తన పేరు తనే చెప్పేది. తర్వాత మైకులొచ్చాయి, టేపులొచ్చాయి. అయినా సినిమా పాటకు చాలాకాలం గాయకులూ, వాద్యబృందమూ కలిసి ఒకేసారి పాడి వాయించేవారు. ఒక్కరు తప్పు చేస్తే మళ్లీ మొదటికే!

ఇప్పుడు ఆ బాధ లేదు. ఒక్క మాట తప్పితే ఆ ఒక్క మాటే మళ్లీ పాడి అతికించుకోవచ్చు. ఇంట్లో కంప్యూటర్ ఉంటే చాలు.

బీరువా గదే స్టూడియో

నేను ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి, 2000లో విడుదల చేసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. ఆ రోజుల్లో కూల్ ఎడిట్‌తో కుస్తీ పట్టినవాళ్లు మీలో ఉండే ఉంటారు. దాన్ని 2003లో అడోబీ కొనేసి, ఆడిషన్ అని పేరు మార్చింది. పెద్ద స్టూడియోల్లో ప్రోటూల్స్, క్యూబేస్ లాంటివి వాడతారు. నేర్చుకునేవాళ్లకి అంత ఖర్చు అక్కర్లేదు.

అయితే నేను నేర్చుకున్న మొదటి పాఠానికి సాఫ్ట్‌వేర్‌తో సంబంధమే లేదు. పాట బాగుండాలంటే ముందు గది బాగుండాలి. నున్నటి గోడలకు గొంతు తగిలి వెనక్కి వస్తుంది. అదే ఆ నూతి మోత. అది ఒకసారి పాటలో కలిసిందంటే తర్వాత తీయడం చాలా కష్టం. మెత్తటి వస్తువులు దాన్ని పీల్చేస్తాయి. అందుకే మకాం బీరువా గదిలోకి మార్చాను. బీరువా తలుపులు తీస్తే నిండా చీరలు. ఎదురుగోడకి పరుపు ఆనించాను. కిటికీకి దుప్పటి. ఫ్యాన్ బంద్.

మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ అన్నప్పుడల్లా గాలి తగిలి ‘ధబ్’మంటుంది. తెరమీద కనిపించే ధ్వని స్థాయి మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడుతుంటే క్షేమం. సున్నా దాటితే శబ్దం బద్దలవుతుంది. దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఇక క్షణానికి ఎన్నిసార్లు ధ్వనిని కొలవాలన్న చోట 44,100 ఉంచండి. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. దానికి రెట్టింపుకన్నా ఎక్కువసార్లు కొలిస్తేనే అంతా పట్టుబడుతుంది.

శ్రుతి కోసం ఫోన్‌లో తంబూర పెట్టి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. అప్పుడు మైకులోకి గొంతొక్కటే వెళ్తుంది. ‘‘ఈ వయసులో నాకు కర్ణకుండలాలేమిట్రా’’ అని నవ్వింది అత్తయ్య. మొదట పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉత్త గదిని రికార్డు చేశాం. తర్వాత ఆవిడ మూడుసార్లు పాడింది. మధ్యమధ్య మంచినీళ్లు.

పాడింది ఎవర్రా?

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. మూడింటిలో బాగా వచ్చిన చరణాలు ఏరి, ఒకటిగా అతికించాను. అంతవరకూ బాగానే ఉంది. గది మోత పోవాలి కదా అని, మొదట తీసిన ఆ పది సెకన్లను సాఫ్ట్‌వేర్‌కి నమూనాగా చూపించి, నాయిస్ రిడక్షన్ 24 డెసిబెల్స్ పెట్టాను. చాలదనిపించి రెండోసారి కూడా! ఊపిరి తీసుకున్న చోటల్లా కత్తిరించాను. ఆపైన శ్రుతి సరిచేసే ప్లగిన్ ఒకటి తగిలించాను.

మర్నాడు వినిపించాను. అత్తయ్య కళ్లు మూసుకుని చివరిదాకా వింది. ‘‘పాట మనదే. పాడింది ఎవర్రా?’’ అంది.

నా మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆలోచిస్తే కారణం తెలిసింది. మోత తీసే సాధనం మోతతోపాటు దానిలాగే ఉండే గొంతు భాగాన్ని కూడా కోసేస్తుంది. మోతాదు మించితే నీళ్లలో మునిగి పాడినట్టుంటుంది. ఆటోట్యూన్ లాంటి సాధనాల కథ ఇంకోటి. చమురు నిక్షేపాల కోసం భూమి లోపలి ప్రకంపనలను విశ్లేషించిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దాన్ని తెచ్చారు. అలా శ్రుతి దిద్దే సాధనాలు మామూలుగా గొంతుని దగ్గర్లో ఉన్న స్వరస్థానానికి లాగి నిలబెడతాయి. మన పాటలో అందమంతా స్వరాన్ని ఊపడంలోనే ఉంది. మనకది గమకం. యంత్రానికది తప్పు!

అదృష్టం కొద్దీ అసలు రికార్డింగుని ముట్టుకోలేదు. పని చేసిందంతా దాని నకలు మీదే. మళ్లీ మొదలెట్టాను. మోత తగ్గింపు ఈసారి 6 డెసిబెల్స్, ఒక్కసారే. 80 హెర్ట్జ్‌కి దిగువనున్న బరువు మోతల్ని వడగట్టాను. ఊపిరి చప్పుడు తీసేయలేదు, కొంచెం తగ్గించానంతే. అతికిన చోట ‘టక్’మనకుండా చిన్న ఫేడ్. తంబూరని గొంతు కిందకి తెచ్చాను. హెడ్‌ఫోన్స్‌లో, ఫోన్‌లో, టీవీలో... మూడుచోట్లా విని చూశాను. ఈసారి అత్తయ్య ఏమీ అనలేదు. రెండో చరణం నుంచి తనూ గొంతు కలిపింది.

డాలస్‌కి రెండు ఫైళ్లు పంపాను. ఒకటి శుభ్రం చేసింది. రెండోది, ఎందుకైనా మంచిదని, అసలు రికార్డింగు. పెళ్లిలో మొదటిది వేశారు. అందరూ మెచ్చుకున్నారట.

మొన్న పెళ్లికూతురు ఫోన్ చేసింది. ‘‘మామయ్యా, నేను రోజూ వినేది రెండోదే’’ అంది.

‘‘అదేంటమ్మా, దాన్నిండా గది మోతేగా?’’ అన్నాను.

‘‘ఉండనీ. చివర్లో అమ్మమ్మ మాట్లాడుతుందిగా!’’

గుర్తుకురాక మళ్లీ విన్నాను. హారతి అయిపోయింది. రెండు క్షణాల నిశ్శబ్దం. తర్వాత అత్తయ్య గొంతు... ‘‘అయిందా? ఇక ఫ్యాన్ వెయ్యరా, ఉడికిపోతున్నా!’’