తెలిసిన కథ, తెలియని మనిషి

పోయిన నెలలో ఒక ఆదివారము మధ్యాహ్నము, భోజనములైన పిమ్మట, మా వీధి స్త్రీలము ఆరుగురము మా యింట చేరితిమి. టెలివిజనులో నొక అపరాధ పరిశోధన కథను చూడవలెనని మా సంకల్పము. ఆ కథను క్రిందటి వేసవిలో మేమందరము ఒకమారు చూచియే యున్నాము. ఆ సంగతి తెలిసి మా యింటివారు, దిద్దుచున్న పరీక్ష కాగితములను ప్రక్క నుంచి, "హంతకుడెవడో మీకు తెలియును. వాడెట్లు పట్టువడునో తెలియును. విప్పిన పొడుపుకథను మరల విప్పుట యెందులకు?" అని నవ్విరి. ప్రశ్న సమంజసమైనదే. మా కప్పుడు బదులు తోచలేదు. కథ ముగిసిన పిమ్మట తోచినది. ఆ బదులునే ఈ నెల మీ ముందుంచుచున్నాము.

మేము చూచినది "కొలంబో" అను అమెరికా దేశపు కథామాలలోనిది. పేరు విని సింహళ పట్టణమును తలపకుడు. కొలంబో యనునాతడు లాస్ ఏంజెలెస్ నగరమున హత్యలను పరిశోధించు పోలీసు లెఫ్టినెంటు. రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ అను బాల్యమిత్రు లిరువురు ఈ పాత్రను సృష్టించిరి. పీటర్ ఫాక్ అను నటుడు 1968 మొదలు 2003 వరకు, నడుమ కొన్ని యేండ్లు విడిచి, మొత్తము 69 కథలలో ఈ వేషమును ధరించెను. వ్యాధి కారణమున మూడేండ్ల ప్రాయముననే ఆయన కుడికన్ను తీసివేయబడగా, జీవితమంతయు గాజుకన్నుతోనే గడపెను. 2011లో కాలధర్మము నొందెను. నలిగిన వానకోటు, చేతిలో చుట్ట, మూలుగుచు నడచు పాతకారు, తెరమీద కెన్నడును రాని భార్యను గూర్చి మాటిమాటికి "మా ఆవిడ" యను ప్రస్తావన, ఇవి కొలంబో లక్షణములు. ఎదుటివాడు వీనిని చూచి, ఇతడు వట్టి అమాయకుడని యేమరును. అదియే ఆతని యుపాయము.

ఈ కథలలో నొక విశేషమున్నది. హంతకుడెవడో చివరకు గాని చెప్పకుండుట పరిశోధన కథల మామూలు. ఇందు మాత్రము హత్య మొదటనే మన కన్నుల యెదుట జరుగును. దానిని కొలంబో యెట్లు కనుగొనునో చూచుటయే మన పని. ఇట్టి పద్ధతి మనకు క్రొత్త గాదు. శూద్రకుని మృచ్ఛకటికమును చదివిన సోదరీమణులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. వసంతసేన గొంతు నులిమినవాడు శకారుడని మనము ముందే చూచితిమి. ఆమె బ్రదికి యున్నదనియు నెరుగుదుము. అయినను న్యాయస్థానమున నిర్దోషియైన చారుదత్తుని మీద నేరము మోపబడుచుండ, మన గుండె కొట్టుకొనక మానదు. ఎవరు చేసిరను కుతూహలము తీరిపోయిన చోట, మనుష్యు లెట్టివారను విచారణ మొదలగును. మన పెద్దలు ఒకే పురాణమును ఏటేట విన్నదియు నిందులకే గదా!

మేము చూచిన భాగము పేరు "మర్డర్ బై ది బుక్". పుస్తకములో నున్నట్లే చేసిన హత్య యని భావము. 1971 సెప్టెంబరు 15న ఇది ప్రసారమైనది. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. తరువాత లోకప్రసిద్ధుడైన ఆయనకు అప్పటికి 24 ఏండ్లు. రచన స్టీవెన్ బోచ్‌కోది.

కథారంభమున మాట వినబడదు. టైపు యంత్రపు టకటక మాత్రము వినబడును. జిమ్ ఫెర్రిస్ అను రచయిత తన గదిలో వ్రాసికొనుచుండును; క్రింద వీధిలో అతని భాగస్వామి కెన్ ఫ్రాంక్లిన్ కారు వచ్చుచుండును. మిసెస్ మెల్విల్ అను పరిశోధకురాలి నవలలను ఈ యిరువురు కలిసి వ్రాయుదురని లోకము నమ్మినది. నిజమునకు వ్రాయువాడు జిమ్ ఒక్కడే. కెన్ విందులకు పోవును, పత్రికలవారితో మాటలాడును, కీర్తిలోను ధనములోను సగము పుచ్చుకొనును. జిమ్ ఈ పొత్తు చాలించి వేరుగా వ్రాయ నిశ్చయించుకొనగా, కెన్ విలాసములకు గొడ్డలిపెట్టు పడినది. జిమ్ ప్రాణము మీద భీమా సొమ్ము గలదు. అంతట కెన్ స్నేహము నటించి, సాన్ డియేగో ప్రాంతమున సరస్సు కడనున్న తన కుటీరమునకు జిమ్‌ను తోడుకొని పోవును. అక్కడనుండి జిమ్ చేతనే అతని భార్య జోయన్నాకు టెలిఫోను చేయించి, ఆఫీసులో పని మిగిలినదని చెప్పించును. ఆ మాట ముగియకుండగనే తుపాకి ప్రేల్చును. ఆ ధ్వని ఆమె చెవిని బడును. భర్త లాస్ ఏంజెలెస్ ఆఫీసులోనే హతుడయ్యెనని ఆ యిల్లాలే సాక్ష్యము చెప్పును! ఇంతకంటె క్రూరమైన కపట మేమున్నది?

కొలంబో ఆమెను ఇంటికి చేర్చి, వంటయింట జొరబడి, తానే గ్రుడ్లు పగులగొట్టి ఆమ్లెట్టు వేసి పెట్టును. మా యారుగురిలో గ్రుడ్డు ముట్టనివారము నలుగురము. అయినను ఈ ఘట్టము మా కందరకు నచ్చినది. దుఃఖములో నున్నవారికి ముందుగా కావలసినది ఓదార్పు మాట గాదు, నాలుగు మెతుకులని యెరిగిన పురుషుడు కొలంబో.

కెన్ ఆ శవమును తన యింటి ముంగిటనే పడవేసి, తానే కనుగొన్నట్లు పోలీసులకు తెలుపును. కాని ఆ దినమున వచ్చిన ఉత్తరములను విప్పి చూచుకొనుట మానడు. మిత్రుని శవము వాకిట నుండగా ఉత్తరములు విప్పుకొనుటకు మనసొప్పునా యని కొలంబోకు సందేహము పుట్టును. హంతకుడు తుపాకిని దాచగలిగెను గాని తన హృదయశూన్యతను దాచలేకపోయెను.

ఇంతవరకు మొదటిమారు చూచినపుడే మాకు బాగుగా పట్టుబడినది. ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము.

కుటీరమునకు పోవు త్రోవలో నొక చిన్న అంగడి యున్నది. దానిని నడుపునది లిల్లీ లా శాంకా అను స్త్రీ. కెన్ సరుకుల కొరకు ఆగగా, కారులో కూర్చున్న జిమ్‌ను ఆమె చూచినది. హత్యావార్త తెలిసిన పిమ్మట ఆమె నగరమునకు వచ్చి, నాటకశాలలో కెన్‌ను కలిసికొని, తాను చూచినదానిని నవ్వుచునే సూచించి, 15,000 డాలర్లు కోరును. కెన్‌తో చనువుగా మెలగవలెనని ఆమె కెంత యాసయో మాట మాటలోను తెలియును. అతడు సొమ్మును, దానితో షాంపేను సీసాను తీసికొని ఆమె యింటికి పోవును. తుదకా సీసాతోనే ఆమె తలమీద మోది, పడవలో వేసికొనిపోయి, ప్రమాదమున మునిగి చచ్చినట్లు సరస్సులో విడుచును.

మొదటిమారు చూచునపుడు మేము లిల్లీని చూచి నవ్వితిమి. దాచుట యెందులకు? ఆమె ముస్తాబును, ఆమె కన్నుల త్రిప్పుటను మాలో నొకరు అనుకరించిరి గూడ. ఆమె చచ్చినప్పుడు, "కోరి తెచ్చుకొన్న చావు" అని పిన్నిగారొకరు తీర్పు చెప్పిరి. మేమును తల యూచితిమి. అంతటితో లిల్లీని మరచి, కొలంబో ఉచ్చు ఎప్పుడు బిగించునా యని చూచుచుంటిమి.

రెండవమారు చూచునపుడు మా మధ్య నవ్వు పుట్టలేదు. మా వీధి చివర చిన్నకొట్టు నడుపు అక్కయ్యగారొకరు మాతో కూర్చుండియున్నారు. భర్త గతించిన తరువాత పదేండ్లుగా ఆమెయే త్రాసు పట్టి పిల్లలను పెంచినది. వచ్చిన బేరముతో నవ్వుచు మాటలాడును. లిల్లీ తెరమీదకు వచ్చినపుడు ఆమె మెల్లగా, "సొమ్మడుగుట తప్పే, కాదనను. కాని దినమంతయు ఒంటరిగా కొట్టులో కూర్చున్నవారికి తెలియును. సరుకు కొనవచ్చినవాడు పేరు పెట్టి పలుకరించిన, ఆ పూట వెలుగుగా నుండును. ఆ వెలుగు చూపియే అతడామెను చంపినాడు" అని యూరకుండిరి.

మేమొకరి మొగమొకరు చూడలేకపోతిమి. ఏలయన, ఆ అక్కయ్యగారి నవ్వును గూర్చి మా వీధిలో మాటలు లేకపోలేదు. చెప్పినవారు కొందరు, వినియు కాదనని వారు కొందరు. మేమీ రెండవ తెగలోనివారము. క్రిందటి వేసవిలో మేము లిల్లీని జూచి నవ్వుచుండగా ఆమె నవ్వలేదన్న సంగతి అప్పుడు మాకు జ్ఞప్తికి వచ్చినది.

అక్కడనుండి కథ యంతయు మాకు వేరుగా కనబడ నారంభించినది. జిమ్ కొరకు విలపించుటకు జోయన్నా యున్నది. ఆమెకు ఆమ్లెట్టు వేసి పెట్టుటకు కొలంబో యున్నాడు. లిల్లీ కొరకు కంటతడి పెట్టువారు మాకు కథలో ఒక్కరును కనబడలేదు. ముగింపును గమనింపుడు. మొదటి హత్య మిక్కిలి తెలివిగాను, రెండవది మోటుగాను నున్నవి. కావున మొదటిదాని పన్నాగము కెన్ బుద్ధిలో పుట్టినది కాదని కొలంబో తలచును. జిమ్ తన కాగితములలో ఆ పన్నాగమును నవలకై వ్రాసి పెట్టుకొన్నట్లు కనుగొని చూపును. కెన్ ఓడిపోయి, ఆ యూహ తనదేననియు, తన జన్మలో కలిగిన మంచి యూహ అదొక్కటే యనియు చెప్పుకొనును. ఆ క్షణమున హంతకునకు వచ్చిన చింత తన యూహకు కర్త యెవరను కీర్తిని గూర్చియే గాని, పోయిన రెండు ప్రాణములను గూర్చి గాదు. లిల్లీ మరణము అక్కడ ఒక మోటుపని, ఒక నిదర్శనము, అంతే. మేమును మొదటిమారు ఆమె నట్లే లెక్కించితిమి. ఆ విషయమున కెన్‌కును మాకును భేదము తక్కువ.

లిల్లీగా నటించినది బార్బరా కోల్బీ యను నటి. ఆమె వృత్తాంతమును మా యింటివారు చదివి చెప్పిరి. 1975 జులై 24న, లాస్ ఏంజెలెస్‌లోని వెనిస్ పేటలో నటనాభ్యాసము ముగించుకొని, జేమ్స్ కీర్నన్ అను సహనటునితో కారు కడకు నడచి పోవుచుండ, ఎవరో ఇరువురు వారిని తుపాకితో కాల్చి చంపిరి. దోపిడి లేదు, కారణము తెలియదు. ఆమెకు అప్పటికి 36 ఏండ్లు. కథలోని కొలంబో ఏ నగరమున ప్రతి హంతకుని పట్టుకొనెనో, ఆ నగరముననే ఆమెను చంపినవారు నేటికిని పట్టువడలేదు. ఇది విన్న తరువాత అక్కయ్యగారు చాలసేపు మాటలాడలేదు. పిన్నిగారు చెంగుతో కన్ను లొత్తుకొనిరి.

కొలంబో కొక యలవాటున్నది. ప్రశ్నలన్నియు ముగించి, సెలవు పుచ్చుకొని, తలుపుదాక పోయి, మరల వెనుదిరిగి, ఇంకొక్క మాట యని నిలుచును. అసలైన ప్రశ్న అప్పుడే వచ్చును. తెలిసిన కథను మరల చూచుటయు అట్లు వెనుదిరుగుటయే యని మాకు తోచినది. మొదటి పర్యాయము కుతూహలము మనలను ముందుకు లాగుకొని పోవును. రెండవ పర్యాయము మనము త్రోవలో త్రొక్కి దాటిపోయిన వారెవరో చూచుకొన వీలగును.

ఈ మాట మా యింటివారితో చెప్పగా, వారు కొంతసేపాలోచించి, "నిజమే. పరీక్ష కాగితమును మొదటిమారు చదివిన తప్పులు కనబడును, రెండవమారు చదివిన పిల్లవాడు కనబడును" అనిరి. ఆ సాయంకాలము వారు రెండు కాగితములను మరల దిద్దిరి.

మేము మరునాడు చింతపండు నెపమున అక్కయ్యగారి కొట్టునకు పోయితిమి. క్షమింపుమని నోటితో అనలేకపోతిమి. తూకమైన పిమ్మట గూడ కదలక, పిల్లల చదువులు, కాళ్లనొప్పులు మాటలాడుచు ఒక గంట కూర్చుంటిమి. ఆమెకు తెలిసియే యుండును. వచ్చునపుడు చేతిలో బెల్లపుముక్క పెట్టిరి.

సోదరీమణులారా! పత్రికలో నొక మూల "ఒంటరి స్త్రీ హత్య" యని చదివినపుడు, "ఆ వేళ ఆమె కక్కడ నేమి పని?" అను మాట మన నోట ముందుగా వచ్చుట లేదా? ఆ మాట వచ్చినపుడు, తలుపుదాక పోయియు ఒక్కమారు వెనుదిరిగి చూతము. మీరును మరల చూచిన కథ యేదైన నుండి, అందు మొదట చూడని మనిషి యెవరైన కనబడియుండిన, మాకు వ్రాయుడు. వచ్చే నెల ఆ ముచ్చటలనే చెప్పుకొందము.