హెలికాప్టరు వస్తే చాలదు, దిగే చోటూ ఉండాలి

నరసన్నపేట: ఆకాశంలో హెలికాప్టరు చప్పుడు వినబడితే చాలు, వంశధార తీర గ్రామాల్లో పిల్లా పెద్దా వీధుల్లోకి వస్తారు. మంత్రిగారైనా వస్తుండాలి, లేదా ఒడిశా సరిహద్దు కొండల్లో ఏదైనా జరిగి ఉండాలి అనుకుంటారు. కాని ఆ హెలికాప్టరు ఎవరిది, ఎవరు కోరితే కదులుతుంది, ఎక్కడ దిగగలదు అన్న సంగతులు తెలిసినవారు తక్కువ. వరదలు, తుపానులు తప్పని జిల్లాకు ఇవి తెలియడం అవసరం.

ఎవరి అధీనంలో?

ఠాణా ముందు జీపు ఉన్నట్టు హెలికాప్టరు ఉండదు. కేంద్ర హోం శాఖ కింద సరిహద్దు భద్రతా దళానికి 1969 నుంచి విమాన విభాగం ఉంది. సి.ఆర్.పి.ఎఫ్. వంటి కేంద్ర దళాల అవసరాలనూ అదే చూస్తుంది. నక్సలైట్ల ప్రాంతాల్లో 2009 నుంచి వైమానిక దళ హెలికాప్టర్లు కూడా పనిచేశాయి. ఈ జిల్లాకు దగ్గరలో ఉన్నది విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగా.

ఎం.ఐ.-17 రకంలో 24 మంది సాయుధ జవాన్లు గాని, స్ట్రెచర్లపై 12 మంది క్షతగాత్రులు గాని పడతారు. చిన్నదైన చేతక్‌లో పైలటు కాక ఆరుగురికే చోటు. ఎండ ముదిరినా, కొండ ఎత్తు పెరిగినా గాలి పలచబడి మోసే బరువు తగ్గుతుంది.

నేల మీద భద్రత

హెలికాప్టరు దిగే ముందు ఆ చుట్టుపక్కలను పోలీసులు కాలినడకన గాలించాలి. పొగ వదిలి గాలి ఎటు వీస్తున్నదో పైలటుకు తెలపాలి. 2016 అక్టోబరు 24న మల్కన్‌గిరి జిల్లా రామగూడ ఎదురుకాల్పుల్లో గాయపడిన గ్రేహౌండ్స్ జవాన్లను హెలికాప్టరులోనే విశాఖకు తరలించారు. ఘాట్ రోడ్డున గంటల తరబడి సాగే ప్రయాణం తప్పింది.

అన్నిసార్లూ అలా జరగదు. 2013 జనవరి 18న ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, గాయపడినవారి కోసం వెళ్ళిన వైమానిక దళ హెలికాప్టరు నక్సలైట్ల తూటాలు తగిలి తిమిల్‌వాడ వద్ద దిగిపోయింది. సిబ్బంది నడిచి దగ్గరి శిబిరం చేరారు. తూటా తగిలిన పోలీసు వైర్‌లెస్ ఆపరేటరు అందులోనే ఉండిపోవడం విమర్శలకు దారితీసింది.

వాతావరణం అంతకంటె పెద్ద శత్రువు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు కారుమబ్బుల్లో చిక్కి నల్లమలలో కూలింది. అయిదుగురు మరణించారు. జాడ తెలియడానికి మరునాటి ఉదయం వరకు పట్టింది.

తిత్లీ చెప్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి, కరెంటు, ఫోన్లు పోయాయి. అటువంటి గాలిలో ఏ హెలికాప్టరూ ఎగరదు. గాలి తగ్గాక ఎగరగలిగినా, ఎక్కడికి రావాలో చెప్పే కబురు అందాలి కదా!

వంశధారలో నీరు పెరిగి గొట్టా బ్యారేజి గేట్లు ఎత్తారంటే దిగువ గ్రామాలకు దిగులు మొదలవుతుంది. అప్పుడు మైదానం కోసం వెతుకులాట తగదు. దిగే చోటు లేకపోతే తాడు దించి ఒక్కొక్కరినే పైకి లాగాలి. దానికి చాలా సమయం పడుతుంది.

తీర గ్రామాలకు అందుబాటులో మెరక మైదానం ఒకటి వానాకాలానికి ముందే గుర్తించాలి. అక్కడ కరెంటు తీగలు, రేకులు, గడ్డివాములు ఉండరాదు. రెక్కల గాలికి రేకు లేచిందంటే కత్తితో సమానం. వెనుక తోక రెక్క వైపు జనం పోకుండా ఆపడానికి గ్రామ యువకులకు శిక్షణ ఇవ్వాలి. ఫోన్లు పోయినా కబురు వెళ్ళేలా వైర్‌లెస్ సెట్టు అందుబాటులో ఉంచాలి.

హెలికాప్టరు వచ్చేవరకు ప్రాణం నిలిపేవి పడవ, తాడు, పక్కింటివాడి చెయ్యి. అధికారులు ఈ ఏర్పాట్లు వరద వచ్చాక కాక, ముందే చేయాలి.