ఎంబీఏకి ఏ ల్యాప్‌టాప్?

ఎంబీఏలో సీటొచ్చింది. ఫీజు తొలి వాయిదా కట్టేశారు. ఇక మిగిలింది ల్యాప్‌టాప్. అమ్మాయేమో యాపిల్ కావాలంటుంది. నాన్నేమో పక్కింటివాళ్లు కొన్నదే కొందామంటారు. షాపువాడు గేమింగ్ మోడల్ చూపిస్తాడు. ఆ రెండేళ్లూ దాంతో చేసే పనేమిటో ముందు చూసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

పనిని బట్టే...
బిజినెస్ స్కూల్లో ఎక్కువ సమయం ఎక్సెల్, పవర్‌పాయింట్‌లతోనే గడుస్తుంది. వాటితోపాటు కేస్ స్టడీల పీడీఎఫ్‌లు, ఒకేసారి తెరిచిన ఇరవై ట్యాబ్‌లు, మధ్యలో వీడియో కాల్. వీటికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. కోర్ ఐ5 లేదా రైజెన్ 5 స్థాయి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. పల్చటి మోడళ్లు చాలావాటిలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. '8 జీబీ తీసుకుని తర్వాత పెంచుకుందాం' అనుకునేవారు ఆ వీలుందో లేదో ముందే అడగాలి.

విండోసా... మ్యాకా?
మ్యాక్‌బుక్ ఎయిర్‌లో బ్యాటరీ చాలాసేపు వస్తుంది. 2020లో వచ్చిన ఎం1 మోడల్ నుంచి ఫ్యాన్ కూడా లేదు. అయితే ఎక్సెల్‌లోని పవర్ పివట్ మ్యాక్‌లో పనిచేయదు. పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్‌కే పరిమితం. కాబట్టి ఫైనాన్స్, అనలిటిక్స్ వైపు వెళ్లేవారికి విండోసే సుఖం. మార్కెటింగ్, హెచ్‌ఆర్ వారికి ఏదైనా ఫర్వాలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే విండోస్ 11 నడుస్తుందో లేదో చూడాలి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

మోసేది వాళ్లే
హాస్టల్, క్లాసు, లైబ్రరీ... రోజంతా భుజానే ఉంటుంది. 14 అంగుళాల తెర, కిలోన్నర లోపు బరువు అయితే హాయి. మామూలు వారంటీలో టీ ఒలికినా, కిందపడి పగిలినా బాగుచేయరు. ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి విడిగా కవర్ తీసుకోవాలి. కాలేజీ ఉన్న ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో కూడా కనుక్కోవాలి.

అప్పులో చేర్చొచ్చు
బ్యాంకుల సంఘం ఐబీఏ రూపొందించిన నమూనా విద్యారుణ పథకంలో, కోర్సుకి అవసరమైతే కంప్యూటర్ ఖర్చుకీ చోటుంది. చేతిలో డబ్బు పెట్టి కొనేశాక అడిగే బదులు, కొటేషన్‌తో ముందే బ్యాంకుని అడగడం మేలు. అయితే అదీ వడ్డీతో తీర్చాల్సిన అప్పేనని మరిచిపోకూడదు. ఎంఎస్ ఆఫీస్‌ని చాలా కాలేజీలు విద్యార్థులకు ఉచితంగానే ఇస్తాయి. చేరాక కొనుక్కోవచ్చులే అని ఆగితే ఆ ఖర్చూ తప్పొచ్చు.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఓ ఎక్స్‌టర్నల్ డిస్కు కొనండి. ల్యాప్‌టాప్ పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. తెల్లారితే ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టు పోతే మాత్రం ఏ సర్వీస్ సెంటరూ తెచ్చివ్వదు!