'బ్రవ్' అంటే కొంప మునుగుతుందా?

దక్షిణ లండన్‌లోని హారిస్ అకాడమీ అప్పర్ నార్‌వుడ్ అనే స్కూలు 2013లో పిల్లలకు లండన్ వీధి యాస మాటల నిషేధ జాబితా ఒకటి ఇచ్చింది. 'ఇన్నిట్', 'ఎయింట్', 'బేర్', 'కజ్' అనకూడదు, వాక్యాన్ని 'యా'తో ముగించకూడదు. ఆ మాటలేమీ ఆగలేదు. ఆరేళ్లు తిరగకుండానే ఆ యాసలో పాడే స్టార్మ్‌జీ గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో ప్రధాన గాయకుడయ్యాడు. టీవీ సీరియళ్లు, ఫోన్ వీడియోలు మిగతా పని పూర్తి చేశాయి. ఇంగ్లిషు భ్రష్టుపట్టిపోతోందన్న గోల మాత్రం అక్కడ ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ గోలలో భాష మీద ప్రేమ కన్నా, మాట్లాడేవాళ్ల మీద చిన్నచూపే ఎక్కువని నా అభిప్రాయం.

బయటి మాటలు ఇంగ్లిషుకు కొత్త కాదు. మన 'పక్కా'ను తెల్లదొరలు ఇక్కణ్నుంచే పట్టుకెళ్లారు. 1999లో జేమీ ఆలివర్ టీవీలో వంట చేస్తూ ఆ మాటే అంటే జనం ముచ్చటపడ్డారు. అదే కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చి, లండన్ బస్సుల్లో, ఆస్పత్రుల్లో చాకిరీ చేసిన కుటుంబాల మాటలు వీధిలోకొస్తే అది తెగులు! 2011 లండన్ అల్లర్లప్పుడు చరిత్రకారుడు డేవిడ్ స్టార్కీ బీబీసీ చర్చలో జమైకా యాసనే తప్పుపట్టాడు. కానీ భాషాశాస్త్రవేత్తలు జెన్నీ చెషైర్, పాల్ కెర్స్‌విల్ బృందం 2004 నుంచి లండన్‌లోని హ్యాక్నీ ప్రాంతపు పిల్లల మాటలు రికార్డు చేసి చూస్తే, ఆ యాస ఏ ఒక్క జాతి సొత్తూ కాదని తేలింది. బంగ్లాదేశీ, ఆఫ్రికన్, తెల్లవాళ్ల పిల్లలు కలిసి తిరుగుతూ పెంచుకున్న మాట అది. దానికీ ఒక పద్ధతుంది. కర్తను బట్టి, క్రియను బట్టి ఇంగ్లిషువాళ్లు వాక్యం చివర రకరకాలుగా అడిగే ప్రశ్నలన్నిటికీ ఈ పిల్లలు ఒక్క 'ఇన్నిట్'తో సరిపెడతారు. ఏ వాక్యానికైనా 'కదా' తగిలించే మనకు ఇందులో వింతేముంది?

ఇంటర్వ్యూకెళ్లి 'బ్రవ్' (బ్రదర్‌కు యాస రూపం) అంటే ఉద్యోగమిస్తారా అని అడగొచ్చు. ఇవ్వరు. అందుకే పరీక్షలో, దరఖాస్తులో రాయాల్సిన ఇంగ్లిషు స్కూలు గట్టిగా నేర్పాల్సిందే. అయితే ఒకటి నేర్పడానికి ఇంకొకదాని నోరు నొక్కనక్కర్లేదు. తాతయ్యతో ఒకలా, స్నేహితుడితో ఒకలా మాట్లాడటం ఏ పిల్లాడికైనా తెలుసు. నోటికి తాళం వేస్తే వాడికి అర్థమయ్యేది వ్యాకరణం కాదు, తన ఇంటి మాట తక్కువదని మాత్రమే. తెలంగాణ యాసను ఏళ్ల తరబడి రౌడీలకూ కమెడియన్లకూ అంటగట్టిన సినిమాలు చూసినవాళ్లం, ఈ సంగతి మనకు వేరే చెప్పాలా? ఇక ఇలాంటి మాటలు నాలుగు రోజుల మోజంటారా, అలాగైతే భయపడాల్సిన పనే లేదు.

లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉంటున్న మన తల్లిదండ్రులకు ఒక్క మాట. బడి నుంచి వచ్చిన పిల్ల 'ఇన్నిట్' అంటే కసరకండి. పరీక్ష పేపర్లో అది ఎందుకు కుదరదో మాత్రం కూర్చోబెట్టి చెప్పండి.